జేబు మ్యూజిక్ ప్లేయర్ సెట్టింగులు: మల్టీమీటర్ పక్కన పెట్టుకుని చేసిన పని డైరీ

ప్లేయర్‌లో రాక్‌బాక్స్ (కంపెనీ సాఫ్ట్‌వేర్ బదులు వాడే ఉచిత ఫర్మ్‌వేర్) ఎక్కించడం అయిపోయాక ఈ డైరీ మొదలవుతుంది. ఎక్కించడం ఎలాగో వాళ్ళ మాన్యువల్‌లోనే వివరంగా ఉంది కాబట్టి మళ్ళీ రాయడం లేదు. తీర్చాల్సిన ఇబ్బందులు మూడు. షఫుల్‌లో ఒక పాట సరిగా వినబడదు, తర్వాతది చెవులు అదరగొడుతుంది. ఈక్యూలో (ఈక్వలైజర్, ఒక్కో ఫ్రీక్వెన్సీని విడిగా పెంచి తగ్గించే సెట్టింగ్) బేస్ పెంచితే సౌండ్ పగులుతుంది. ఆగకుండా సాగాల్సిన ఆల్బమ్‌లో పాటకీ పాటకీ మధ్య టక్కున తెగుతుంది.

మొదటి రెండిటికీ వేరువేరు మెనూలు ఉన్నా అసలు లెక్క ఒకటే. ఒకచోట ఒక డీబీ (డెసిబెల్, ధ్వని స్థాయి కొలత) పెంచితే ఇంకోచోట ఒక డీబీ తగ్గించాలి, లేకపోతే డిజిటల్ గరిష్ఠం, అంటే 0 డీబీ, దాటిపోయి అలల శిఖరాలు తెగుతాయి. అందుకే అవసరమైన చోటల్లా స్టేజ్ చివర డీబీ ఖాతా రాశాను. మీ ప్లేయర్‌లో మెనూ పేర్లు వేరే ఉండొచ్చు, లెక్క మాత్రం మారదు.

స్టేజ్ 1: ఏమీ మార్చకముందు కొలతలు

సామాన్లు: మామూలు డిజిటల్ మల్టీమీటర్, రెండు వైపులా 3.5 మి.మీ. జాక్ ఉన్న కేబుల్, 33 ఓమ్‌ల రెసిస్టర్, లైన్-ఇన్ ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డ్, లాప్‌టాప్‌లో ఆడాసిటీ (ధ్వని రికార్డ్ చేసి చూసే సాఫ్ట్‌వేర్). ఇయర్‌ఫోన్స్ 16 ఓమ్‌లవి, బాక్స్ మీద సెన్సిటివిటీ 1 మిల్లీవాట్‌కి 105 డీబీ అని రాసి ఉంది. ఈ రెండు అంకెలు చివర్లో చాలా అవసరం, బాక్స్ పారేయకండి.

సౌండ్ కార్డ్ లేకుండా లాప్‌టాప్ మైక్ జాక్‌తోనే కానిచ్చేద్దాం అనుకుంటే కుదరదు. అది మోనో, పైగా మైక్‌కి తగ్గట్టు సిగ్నల్‌ని బాగా పెంచేస్తుంది, ప్లేయర్ వాల్యూమ్ సగంలో ఉండగానే రికార్డింగ్ పైనా కిందా చదునుగా తెగిపోయి కనిపించింది. ఆటోమేటిక్ గెయిన్ ఆన్‌లో ఉంటే కొలతలే మారిపోతాయి. లైన్-ఇన్ తప్పనిసరి.

1. పాత సెట్టింగులన్నీ ఒక సీఎఫ్‌జీ ఫైల్‌గా సేవ్ చేసి, కంప్యూటర్‌లోకి కాపీ చేసి, ప్లేయర్‌ని రీసెట్ చేశాను.
2. ఆడాసిటీలో 60 హెర్ట్జ్ సైన్ టోన్, పూర్తి స్థాయిలో, స్టీరియో ఫ్లాక్ (క్వాలిటీ తగ్గని ఫైల్ రకం) గా తయారుచేశాను.
3. ఇయర్‌ఫోన్స్ తీసేసి, కేబుల్ రెండో కొస దగ్గర మీటర్‌తో ఏసీ వోల్టేజ్ చూశాను.

టెస్ట్ టోన్ ఆడుతున్నంతసేపూ ఇయర్‌ఫోన్స్ చెవిలో పెట్టుకోకండి. ఒక్క నొక్కు ఎక్కువైతే చాలు.

60 హెర్ట్జ్ ఎందుకంటే, మామూలు మీటర్ల ఏసీ రేంజ్ ఇంటి కరెంటు ఫ్రీక్వెన్సీ దగ్గరే నమ్మకంగా పనిచేస్తుంది. వాల్యూమ్ -20 దగ్గర 60 హెర్ట్జ్‌కి 82.0 మిల్లీవోల్టులు చూపించిన ఈ మీటరే, 1 కిలోహెర్ట్జ్‌కి 61 చూపించింది. ప్లేయర్ తగ్గించిందేమో అని సౌండ్ కార్డ్‌లో రికార్డ్ చేసి చూస్తే రెండు టోన్లూ సమానంగానే ఉన్నాయి. అంటే మీటర్‌కే చేతకాలేదు.

ఎడమ 82.0, కుడి 81.4. తేడా 0.1 డీబీ కూడా లేదు, బాలెన్స్ ముట్టుకోనక్కర్లేదు. -14 దగ్గర 163 వచ్చింది. 6 డీబీ పెరిగితే వోల్టేజ్ దాదాపు రెట్టింపు కావాలి, అయింది. అంటే వాల్యూమ్ మెనూలో చూపించే డీబీ నిజమైన డీబీనే. దీన్నిబట్టి వాల్యూమ్ 0 దగ్గర సుమారు 820 మిల్లీవోల్టులు.

తర్వాత ఔట్‌పుట్ ఇంపెడెన్స్, అంటే ప్లేయర్ లోపలి నిరోధం. 33 ఓమ్‌ల రెసిస్టర్ తగిలిస్తే 82.0 కాస్తా 79.3కి పడింది. 33ని (82.0 ÷ 79.3 - 1)తో గుణిస్తే 1.1 ఓమ్. ఇయర్‌ఫోన్ ఇంపెడెన్స్‌లో ఎనిమిదో వంతుకి మించకూడదని వాడుకలో ఉన్న సూత్రం, అంటే 16 ఓమ్‌లకి 2 దాకా ఫర్వాలేదు. ఇది ఎక్కువగా ఉంటే ఇయర్‌ఫోన్ టోనే మారిపోతుంది, అప్పుడు ఎంత ఈక్యూ చేసినా ఇంకో ఇయర్‌ఫోన్‌కి పనికిరాదు. ఔట్‌పుట్‌లో కెపాసిటర్ ఉన్న ప్లేయర్లలో 60 హెర్ట్జ్ దగ్గర లోడ్ పెడితే అదనంగా పడిపోతుంది కాబట్టి 1 కిలోహెర్ట్జ్‌తో కూడా రికార్డ్ చేసి చూశాను. అక్కడా అదే 0.3 డీబీ తగ్గింది, ఇబ్బంది లేదు.

స్టేజ్ 2: రీప్లేగెయిన్

ఎక్కువ సమయం మింగింది ఇదే, ఎక్కువ ఫలితం ఇచ్చిందీ ఇదే. పాటలో సగటు బిగ్గరతనం కొలిచి, ఎంత తగ్గించాలో, ఎంత పెంచాలో (అదే గెయిన్) ట్యాగ్‌లో, అంటే ఫైల్‌లోనే ఉండే వివరాల భాగంలో, రాసిపెట్టే పద్ధతి ఇది. పాట డేటా ముట్టుకోదు. 2001లో డేవిడ్ రాబిన్సన్ ప్రతిపాదించాడు, తర్వాత 89 డీబీ లక్ష్యం వాడుకలోకి వచ్చింది, ఇప్పటి 2.0 పద్ధతిలో -18 ఎల్‌యూఎఫ్‌ఎస్ (బిగ్గరతనాన్ని డిజిటల్ గరిష్ఠంతో పోల్చి చెప్పే కొలత). నేను వాడిన టూల్ ఆర్ఎస్‌గెయిన్, ఈజీ మోడ్‌లో.

మొత్తం పాటలు: 3,140
ఆల్బమ్ ఫోల్డర్లలో: 2,310
విడి పాటల ఫోల్డర్‌లో: 830

ఈజీ మోడ్ ప్రతి ఫోల్డర్‌నీ ఒక ఆల్బమ్‌గా తీసుకుంటుంది. దాంతో ఏ సంబంధమూ లేని 830 విడి పాటలకీ కలిపి ఒకటే ఆల్బమ్ గెయిన్ రాసేసింది. ఆల్బమ్ మోడ్‌లో వింటే ఆ ఫోల్డర్‌లో ఏమీ సరిపడలేదు, పాత ఎగుడుదిగుడులు అలాగే ఉన్నాయి. ఆ ఫోల్డర్ వరకు ఆల్బమ్ గెయిన్ లేకుండా, ట్రాక్ గెయిన్ మాత్రమే రాసేలా మళ్ళీ స్కాన్ చేయాల్సి వచ్చింది.

ఇంతకంటే మొండిది ఇంకోటి తగిలింది. 214 ఎంపీ3లు స్కాన్ అయిన తర్వాత కూడా మిగతావాటికంటే గట్టిగానో మెల్లగానో వినిపిస్తున్నాయి. ట్యాగ్‌లు విప్పి చూస్తే ఒక్కో ఫైల్‌లో రెండు జతల విలువలున్నాయి. ఎప్పుడో ఎంపీ3గెయిన్ అనే టూల్‌తో సరిచేసినప్పుడు ఏపీఈ ట్యాగ్‌లో రాసినవి ఒక జత, ఇప్పుడు ఐడీ3 అనే వేరే రకం ట్యాగ్‌లో రాసినవి ఇంకో జత. ఏ ప్లేయర్ ఏది చదువుతుందో ఫైల్‌ని చూసి చెప్పలేం. ఎంపీ3గెయిన్ ట్యాగ్‌తో సరిపెట్టుకోదు, పాట ఫ్రేముల్లోని గెయిన్ విలువనే 1.5 డీబీ మెట్లలో మారుస్తుంది. వెనక్కి తిప్పడానికి కావాల్సిన సమాచారం ఆ ఏపీఈ ట్యాగ్‌లోనే దాచుకుంటుంది. కాబట్టి వరస తప్పితే పని చెడుతుంది:

1. ముందు ఎంపీ3గెయిన్ అన్‌డూ.
2. ఆ తర్వాతే ఏపీఈ ట్యాగ్ తీసేయడం.
3. చివర్లో మళ్ళీ స్కాన్.

ట్యాగ్ ముందు తీసేస్తే పాత స్థాయికి వెళ్ళే దారి పోతుంది. 214లో 209 శుభ్రంగా వెనక్కి వచ్చాయి. మిగతా అయిదింటిలో అన్‌డూ సమాచారం లేదు, వాటిని ఉన్నవి ఉన్నట్టే కొత్తగా స్కాన్ చేశాను. వినడానికి ఏ తేడా లేదు.

ప్లేయర్‌లో రీప్లేగెయిన్ టైప్‌కి 'షఫుల్ అయితే ట్రాక్ గెయిన్' అనే ఆప్షన్ ఉంది, అదే పెట్టాను. ఆల్బమ్ వరసగా వింటున్నప్పుడు మెల్లని పాట మెల్లగానే ఉండాలి, దాన్ని పక్క పాటతో సమానం చేస్తే ఆల్బమ్ చేసినవాళ్ళు పెట్టిన ఎత్తుపల్లాలన్నీ చదునైపోతాయి. షఫుల్‌లో మాత్రం సమానం కావాల్సిందే. రెండు అవసరాలనీ ఒకే సెట్టింగ్ తీరుస్తోంది, నాకు ఈ ఫర్మ్‌వేర్‌లో బాగా నచ్చినవాటిలో ఇదొకటి.

ఇంకా మిగిలింది పాత మోనో రికార్డింగుల సంగతి. వీటి సగటు తక్కువ, కానీ శిఖరాలు దాదాపు గరిష్ఠం దాకా వెళ్తాయి. అన్నిటికంటే ఇబ్బందిపెట్టే ఫైల్ ఏదో తెలియాలంటే గెయిన్‌నీ పీక్‌నీ (పాటలో అన్నిటికంటే ఎత్తయిన శిఖరం, 1.0 అంటే గరిష్ఠం) డీబీల్లో కూడి సార్ట్ చేయాలి. నా లైబ్రరీలో పైన తేలింది ఇది: గెయిన్ +4.2, పీక్ 0.95, అంటే -0.45 డీబీ. కూడితే +3.75, గరిష్ఠం దాటిపోయింది. 'ప్రివెంట్ క్లిప్పింగ్' ఆన్ చేస్తే పగలదు, కానీ ప్లేయర్ ఆ గెయిన్‌ని +0.45కే ఆపేస్తుంది, అప్పుడా పాట పక్కవాటికంటే పావుతక్కువ 4 డీబీ మెల్లగా ఉండిపోతుంది. ఇబ్బంది మళ్ళీ మొదటికే వచ్చింది.

మార్చింది: ప్రీ-ఆంప్ -4. అన్ని పాటలూ ఒకేలా 4 డీబీ తగ్గుతాయి, కాబట్టి సమానత్వం చెడదు, ఆ పాత పాటకి కావాల్సిన చోటు దొరుకుతుంది. తగ్గింది వాల్యూమ్‌తో పెంచుకుంటే సరి. ప్రివెంట్ క్లిప్పింగ్ కూడా ఆన్‌లోనే ఉంచాను, రేపు ఇంతకంటే కష్టమైన ఫైల్ రావొచ్చు. (కొన్ని గట్టి ఎంపీ3లకి పీక్ 1.0 దాటి ట్యాగ్‌లో కనిపిస్తే కంగారు పడొద్దు. వాటి గెయిన్ ఎలాగూ -9, -10 దాకా ఉంటుంది, లోపలే సర్దుకుంటుంది.)

డీబీ ఖాతా, అన్నిటికంటే కష్టమైన పాటకి:
పీక్ -0.45, గెయిన్ +4.2, ప్రీ-ఆంప్ -4.0
ఇప్పటిదాకా: -0.25

స్టేజ్ 3: ఈక్యూ

మొదట పెట్టినవి: లో షెల్ఫ్ (ఆ చోటుకి కిందదంతా మార్చేది) 150 హెర్ట్జ్ దగ్గర +4, 80 హెర్ట్జ్ దగ్గర +3 (క్యూ 0.7; క్యూ ఎంత పెద్దదైతే మార్పు అంత ఇరుకు), పైన హై షెల్ఫ్ (పైదంతా మార్చేది) 8 కిలోహెర్ట్జ్ +3. అన్నిటికంటే పెద్ద అంకె 4 కాబట్టి ప్రీకట్ (ఈక్యూకి ముందే మొత్తం సిగ్నల్‌ని తగ్గించడం) 4. చాలామంది చెప్పే లెక్క ఇదే. కానీ పాత పాటల్లో డోలక్ దెబ్బ పడినప్పుడల్లా బర్రుమంది.

కారణం చెవితో దొరకలేదు, స్వీప్‌తో (మెల్లగా పైకి జరిగే టోన్) దొరికింది. 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా -20 డీబీ స్వీప్ ఆడించి, ఈక్యూ ఆఫ్‌లో ఒకటి, ఆన్‌లో ఇంకోటి రికార్డ్ చేసి పోల్చాను, ప్రీకట్ రెండుసార్లూ 0. అతి పెద్ద తేడా 75 హెర్ట్జ్ దగ్గర, +6.3. పక్కపక్క బాండ్లు ఒకదాని మీద ఒకటి కూడుతున్నాయి. ఖాతాలో వేస్తే -0.25 + 6.3 - 4.0, అంటే +2.05. పగలక ఏం చేస్తుంది!

ప్రీకట్ 6.5 చేస్తే పగలడం ఆగింది. కానీ ఆ బేస్ నాకు కావాల్సిన బేస్ కాదని అప్పుడు అర్థమైంది. గాత్రం వెనక్కి పోయింది, మృదంగంలో తొప్పి నాదం ముద్దగా ఉంది. బేస్ చాలట్లేదు అనిపించడానికి అసలు కారణం 250 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉన్న మందం, అది కిందిదాన్ని కప్పేస్తోంది. అక్కడ -3 (క్యూ 0.8) చేయగానే కింద ఏమీ పెంచకుండానే దెబ్బ విడిగా వినబడింది. పెంచే ముందు ఏది తగ్గిస్తే సరిపోతుందో చూడండి, తగ్గింపుకి ప్రీకట్ ఖర్చు లేదు.

అదే మోడల్ ఇయర్‌ఫోన్‌కి వేరేవాళ్ళు తయారుచేసిన ప్రీసెట్ కూడా దించి చూశాను. దానిలో 8 కిలోహెర్ట్జ్ దగ్గర లోతైన కోత ఉంది. నా చెవిలో 'స', 'ష' అక్షరాల గుచ్చు అలాగే ఉంది, పైగా తాళాల మెరుపు పోయింది. ఇయర్‌ఫోన్ చెవిలో ఎంత లోతుకి వెళ్తుందన్నదాన్ని బట్టి ఆ శిఖరం జరుగుతుంది, లోతు తగ్గితే కిందికి దిగుతుంది. నాదెక్కడుందో పట్టుకోవడానికి బాగా తక్కువ వాల్యూమ్‌లో 4 నుంచి 10 కిలోహెర్ట్జ్ దాకా మెల్లగా జరిగే టోన్ విన్నాను, 6.5 దగ్గర ఒక్కసారిగా ముందుకొచ్చింది. రబ్బరు టిప్ ఒక సైజు చిన్నది మార్చి మళ్ళీ వింటే ఆ చోటు జరిగింది. కాబట్టి టిప్ తేల్చుకున్నాకే ఈక్యూ మొదలుపెట్టండి.

పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త. ఏది కొంచెం గట్టిగా ఉంటే అదే బాగుందనిపిస్తుంది, ఒక్క డీబీ తేడా చాలు మనసు అటు మొగ్గడానికి. అందుకే పింక్ నాయిస్ (అన్ని ఫ్రీక్వెన్సీలూ కలిసిన హోరు) రికార్డ్ చేసి, ఈక్యూ ఆన్, ఆఫ్ రెండిటికీ ఆర్ఎంఎస్ (సగటు స్థాయి) సగం డీబీలోపు కలిసేలా వాల్యూమ్ సర్దాకే నిర్ణయించాను. దీనికి 60 హెర్ట్జ్ టోన్ పనికిరాదు, ఈక్యూ మార్చేది దాన్నే కదా. ఇలా సమానం చేసి వింటే, మొదట ఎంతో నచ్చిన 8 కిలోహెర్ట్జ్ +3 అసలు అక్కర్లేదని తేలింది, తీసేశాను.

చివరికి ఉంచినవి:
1. లో షెల్ఫ్ 60 హెర్ట్జ్, +3
2. 250 హెర్ట్జ్, -3, క్యూ 0.8
3. 6.5 కిలోహెర్ట్జ్, -2.5, క్యూ 3
4. ప్రీకట్ 3.0

స్వీప్‌లో అతి ఎక్కువ పెంపు +2.7.

డీబీ ఖాతా: -0.25 + 2.7 - 3.0
ఇప్పటిదాకా: -0.55, గరిష్ఠం కిందే

స్టేజ్ 4: పాటల మధ్య తెగడం

ముందు క్రాస్‌ఫేడ్ (ఒక పాట తగ్గుతుండగానే తర్వాతది మొదలయ్యే సెట్టింగ్) ఆఫ్ చేయండి. ఖాళీని దాచేస్తుంది కానీ పాట మొదటి మాటని మింగేస్తుంది, ఆగకుండా సాగే ఆల్బమ్‌లో రెండు లయలు కలిసి గందరగోళం అవుతుంది. ఆఫ్ చేశాక ఫ్లాక్ ఆల్బమ్‌లన్నీ అతుకు తెలియకుండా సాగాయి. ఎంపీ3ల్లో కొన్ని బాగున్నాయి, 38 మాత్రం తెగుతున్నాయి.

ఒక అతుకు రికార్డ్ చేసి ఆడాసిటీలో పెద్దది చేసి చూస్తే 47 మిల్లీసెకన్ల నిశ్శబ్దం, సరిగ్గా గీత గీసినట్టు. ఎంపీ3 1,152 శాంపిళ్ళ ఫ్రేములుగా ఉంటుంది, 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక్కోటి 26 మిల్లీసెకన్లు. లేమ్ ఎన్‌కోడర్ (ఎంపీ3లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) ముందు 576 శాంపిళ్ళు చేరుస్తుంది, డీకోడర్ వల్ల 529 తోడవుతాయి, రెండూ కలిపి 25 మిల్లీసెకన్లు. మిగతాది ముందు పాట చివర ఫ్రేము నింపడానికి పెట్టిన ఖాళీ. ఎంత కోసేయాలో లేమ్ తన హెడర్‌లో రాస్తుంది, ప్లేయర్ అది చదివి కోస్తుంది. ఆ 38 ఫైళ్ళలో ఆ హెడరే లేదు. అన్నీ ఎప్పుడో ఎంపీ3 కటర్‌లో పడి వచ్చినవే.

మళ్ళీ ఎన్‌కోడ్ చేస్తే బాగుపడుతుందేమో అని ఒకదానితో చూశాను. లాభం లేదు, ఆ నిశ్శబ్దం పాటలో భాగమై స్థిరపడిపోయింది, క్వాలిటీ కూడా ఒక మెట్టు దిగింది. ఒరిజినల్ సీడీలు ఉన్నవాటిని ఫ్లాక్‌లోకి మళ్ళీ రిప్ చేయడమే దారి.

తెగుతున్నవి: 38
మళ్ళీ రిప్ చేసినవి: 26
మిగిలినవి: 12

కొత్తగా వచ్చిన 26కీ రీప్లేగెయిన్ స్కాన్ చేయడం మర్చిపోవద్దు, ట్యాగ్ లేని పాట గట్టిగా మోగుతుంది.

స్టేజ్ 5: క్రాస్‌ఫీడ్, బాటరీ

క్రాస్‌ఫీడ్ అంటే ఎడమ ధ్వనిలో కొంత కుడి చెవికీ, కుడిది ఎడమకీ పంపడం, స్పీకర్ల ముందు కూర్చుంటే సహజంగా జరిగేదే. ఈ ఆలోచన కొత్తది కాదు, 1961లో బెంజమిన్ బవర్ దీని మీద రాశాడు. వాద్యాలన్నీ ఒక చెవిలో, గాత్రం ఇంకో చెవిలో ఉండే తొలినాటి స్టీరియో రికార్డింగులకి నిజంగా హాయిగా ఉంది. మిగతావాటికి వేదిక ఇరుకైపోయింది. ఆఫ్‌లోనే ఉంచి, ఆ పాత ఆల్బమ్‌లకోసం విడిగా ఒక సీఎఫ్‌జీ చేసుకున్నాను.

బాటరీ టెస్ట్ ప్లగిన్‌తో, అదే ప్లేలిస్ట్, అదే వాల్యూమ్, ఇయర్‌ఫోన్స్ తగిలించే ఉంచి: ఈక్యూ ఆఫ్‌లో 14 గంటల 50 నిమిషాలు, మూడు బాండ్ల ఈక్యూతో 14 గంటల 20 నిమిషాలు. అరగంట పోయింది, ఫర్వాలేదు. స్క్రీన్ లైట్ ఎప్పుడూ వెలిగేలా ఉంచితే మాత్రం 11 గంటలు కూడా రాలేదు. బాటరీ గురించి టెన్షన్ ఉంటే ఈక్యూ కాదు, లైట్ టైమ్‌అవుట్ చూసుకోండి.

స్టేజ్ 6: వాల్యూమ్ లిమిట్

ఇది చివర్లోనే పెట్టాలి, ఎందుకంటే పైన తగ్గించిన ప్రతి డీబీ ఈ లెక్కలోకి వస్తుంది.

1. 16 ఓమ్‌ల దగ్గర 1 మిల్లీవాట్ అంటే 126 మిల్లీవోల్టులు. అంతకి 105 డీబీ.
2. ప్లేయర్ గరిష్ఠం 820 మిల్లీవోల్టులు. అది 126కి 16.2 డీబీ పైన. ఔట్‌పుట్ ఇంపెడెన్స్ వల్ల 0.6 పోతుంది. పూర్తి స్థాయి టోన్‌కి 120.6 డీబీ.
3. రీప్లేగెయిన్ తర్వాత సగటు పాట -18, ప్రీ-ఆంప్ -4, ప్రీకట్ -3. మొత్తం -25.
4. వాల్యూమ్ 0 దగ్గర పాట సగటు 95.6 డీబీ.

2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐటీయూ (అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్) కలిసి ఇచ్చిన హెచ్.870 ప్రమాణం పెద్దవాళ్ళకి వారానికి 40 గంటలు 80 డీబీ అంటుంది, పిల్లలకి 75. వాల్యూమ్ -16 దగ్గర 79.6 వస్తుంది. బాక్స్ మీద అంకెని అక్షరాలా నమ్మకుండా ఇంకో రెండు తగ్గించి లిమిట్ -18 పెట్టాను, 77.6.

ఈ లిమిట్‌కి విలువ రీప్లేగెయిన్ ఆన్‌లో ఉన్నంతవరకే. గెయిన్ -9.6 ఉన్న గట్టి పాటని రీప్లేగెయిన్ ఆఫ్ చేసి అదే -18 దగ్గర వింటే 91.2 డీబీ. 13.6 డీబీ తేడా, స్క్రీన్ మీద మాత్రం అదే -18. పిల్లల చేతికిచ్చే ప్లేయర్ అయితే ఈ ఒక్క లెక్క తప్పక చేయండి, లిమిట్ పెట్టేశాం కదా అని ఊరుకోకండి.

ఇంకో హెడ్‌ఫోన్‌కి: 32 ఓమ్‌లు, 1 మిల్లీవాట్‌కి 98 డీబీ. దానికి పెట్టిన ఈక్యూలో అన్నీ తగ్గింపులే కాబట్టి ప్రీకట్ 0. ఇదే పద్ధతిలో చేస్తే పూర్తి స్థాయికి 110.9, పాట సగటు 88.9, లిమిట్ -11 దగ్గర 77.9. ఈ సీఎఫ్‌జీ లోడ్ అయి ఉండగా చిన్న ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే 87.6 అవుతుంది. అందుకే ఫైల్ పేర్లలోనే ఓమ్‌లు రాశాను, '16-చిన్నవి', '32-పెద్దవి' అని. సీఎఫ్‌జీలో వాల్యూమ్ కూడా సేవ్ అవుతుంది కాబట్టి సేవ్ చేసే ముందు వాల్యూమ్‌ని -30కి దించండి, లోడ్ చేసిన ప్రతిసారీ అక్కడినుంచే మొదలవుతుంది.

మిగిలిన పని: ఆ 12 పాటల సీడీలు వెతకడం, టిప్స్ మార్చినప్పుడు 6.5 కిలోహెర్ట్జ్ బాండ్ మళ్ళీ చూసుకోవడం.